సత్యాన్వేషి లారెంజ్

పాఠ్యభాగ పరిచయం

గద్యప్రక్రియలలో జీవితచరిత్రకు విశిష్టమైన స్థానం ఉంది. ఒక మహనీయుని జననం, విద్య, విజయాలను మాత్రమే గాక, ఆయన ఎదుర్కొన్న సందేహాలను, తానై అంగీకరించిన పరిమితులను కూడా తెలిపినప్పుడే జీవితచరిత్ర సమగ్రమవుతుంది. అయస్కాంత క్షేత్రంలో కదిలే విద్యుదావేశంపై పనిచేసే బలాన్ని భౌతికశాస్త్ర విద్యార్థులు లారెంజ్ బలం అనే పేరుతో చదువుకుంటారు. ఆ పేరు గల డచ్చి శాస్త్రవేత్త జీవితమే ఈ పాఠం. ప్రత్యేక సాపేక్షతా సిద్ధాంతానికి పునాదిగా నిలిచిన సమీకరణాలను ఆయన ఎట్లా సాధించాడో, తాను సాధించినదానికి మరొకరు చెప్పిన అర్థాన్ని ఎంత ఉదారంగా గౌరవించాడో ఈ పాఠం తెలియజేస్తుంది.

పాఠ్యభాగం

ఐరోపా ఖండపు వాయవ్య తీరంలో ఉన్న చిన్న దేశం నెదర్లాండ్స్. ఆ దేశంలో చాలా భూభాగం సముద్రమట్టం కంటే పల్లంలో ఉంటుంది. కరకట్టలు కట్టి, కడలిని వెనక్కు నెట్టి, ఆ ప్రజలు తమ నేలను తామే సంపాదించుకున్నారు. ఆ దేశపు తూర్పు భాగంలో రైన్ నదీశాఖ ఒడ్డున వెలసిన ఆర్నెమ్ పట్టణంలో 1853 జులై 18న హెండ్రిక్ ఆంటూన్ లారెంజ్ జన్మించాడు. తండ్రి గెరిట్ ఫ్రెడరిక్ మొక్కలను పెంచి అమ్మే తోటకు యజమాని. తల్లి గీర్ట్రూయిడా. లారెంజ్ నాలుగేళ్ల పసివాడుగా ఉన్నప్పుడే ఆమె కన్నుమూసింది. 1862లో తండ్రి లుబెర్టా అనే ఆమెను వివాహమాడాడు. తరువాతి కాలంలో లారెంజ్ తన పెద్ద కుమార్తెకు గీర్ట్రూయిడా లుబెర్టా అని నామకరణం చేశాడు. కన్నతల్లిని, సవతితల్లిని ఒకే పేరులో నిలుపుకొన్న ఈ చిన్న విషయంలోనే ఆయన హృదయ సంస్కారం వ్యక్తమవుతుంది.

1866లో ఆర్నెమ్‌లో కొత్తగా ఉన్నత పాఠశాల వెలసింది. లారెంజ్ అందులో చేరి గణితంలోను, భౌతికశాస్త్రంలోను ఆరితేరాడు. జర్మన్, ఫ్రెంచి, ఆంగ్ల భాషలలో కూడా మంచి ప్రవేశం సంపాదించాడు. ఈ భాషా పాండిత్యం తరువాత ఆయనకు ఎంతగానో తోడ్పడింది. 1870లో లైడెన్ విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టాడు. అక్కడ ఖగోళశాస్త్ర ఆచార్యుడు ఫ్రెడరిక్ కైజర్ బోధన ఆయనను ఆకర్షించింది. మరుసటి సంవత్సరమే పట్టం పుచ్చుకొని, 1872లో స్వస్థలానికి తిరిగివచ్చి సాయంకాల పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరాడు. పొద్దుగుంకిన తరువాత పాఠాలు చెప్పడం, మిగిలిన సమయమంతా పరిశోధన గ్రంథానికి కృషి చేయడం ఆయన దినచర్య.

ఆ రోజులలో ఆయన పఠించిన వాటిలో ముఖ్యమైనవి స్కాట్లండు శాస్త్రవేత్త జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ రచనలు. విద్యుత్తు, అయస్కాంతత్వం అనే రెండు శక్తులను మాక్స్‌వెల్ ఒకే సమీకరణాల సముదాయంలో బంధించాడు. ఆ సమీకరణాల నుండే కాంతి కూడా ఒక విద్యుదయస్కాంత తరంగమని తేల్చాడు. అయితే ఆ రచనలు జటిలమైనవి. నాటి పండితులలో వాటిని పూర్తిగా గ్రహించినవారు బహు కొద్దిమంది. లారెంజ్ ఆ కొద్దిమందిలో ఒకడయ్యాడు. కాంతి ఒక పదార్థం నుండి మరొక పదార్థంలోకి ప్రవేశించేటప్పుడు జరిగే పరావర్తన, వక్రీభవనాలను మాక్స్‌వెల్ సిద్ధాంతం ఆధారంగా వివరించి, 1875లో డాక్టరు పట్టాన్ని అందుకున్నాడు. అప్పటికి ఆయన వయస్సు 22 సంవత్సరాలు. 1877లో లైడెన్ విశ్వవిద్యాలయం సైద్ధాంతిక భౌతికశాస్త్రానికి ప్రత్యేకంగా ఆచార్య పీఠాన్ని నెలకొల్పి, దానికి ఆయననే ఎన్నుకొంది. 24 ఏళ్ల ఆ యువ ఆచార్యుడు 1878 జనవరిలో తన తొలి ఉపన్యాసం చేశాడు. 1881లో కైజర్ సోదరుని కుమార్తె అలెట్టాను పరిణయమాడాడు.

లారెంజ్ జీవితకృషిని అర్థం చేసుకోవాలంటే మాక్స్‌వెల్ సమీకరణాల స్వభావాన్ని కొంతైనా ఎరుగవలసి ఉంటుంది. నిశ్చలమైన చెరువులో ఒక రాయి విసిరితే అలలు లేస్తాయి. ఆ నీటి ఎత్తు ఒక్కొక్క చోట ఒక్కొక్క విధంగా ఉంటుంది. ఒకే చోట నిలబడి చూచినా క్షణక్షణానికి మారుతుంది. అంటే నీటి ఎత్తు స్థానం, కాలం అనే రెండు చలరాశులపై ఆధారపడి ఉంది. కాలాన్ని స్తంభింపజేసి, స్థానాన్ని బట్టి ఎత్తు ఎట్లా మారుతున్నదో కొలవవచ్చు. లేదా ఒకే చోటును పట్టుకొని, కాలాన్ని బట్టి ఎత్తు ఎట్లా మారుతున్నదో కొలవవచ్చు. ఇట్లా ఒక చలరాశిని మాత్రమే మారనిచ్చి, తక్కినవాటిని కదలకుండా ఉంచి లెక్కించే మార్పు రేటును పాక్షిక అవకలజం అంటారు. ఈ రెండు రకాల మార్పులకు గల సంబంధాన్ని తెలిపేది పాక్షిక అవకలన సమీకరణం. మార్పుల నియమం మాత్రమే తెలిసినప్పుడు, ఆ నియమం నుండి అల మొత్తం స్వరూపాన్ని రాబట్టడమే అటువంటి సమీకరణాన్ని సాధించడం. విద్యుత్ క్షేత్రం, అయస్కాంత క్షేత్రం శూన్యంలో ఎట్లా వ్యాపిస్తాయో తెలిపే మాక్స్‌వెల్ సమీకరణాలు ఇటువంటివే. వాటి నుండి పుట్టే తరంగ సమీకరణంలో కాంతివేగం ఒక స్థిరరాశిగా నిలిచి ఉంటుంది. ఆ వేగం సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు.

ఇక్కడే ఒక చిక్కు ప్రశ్న తలెత్తింది. ఈ వేగం దేనిని బట్టి లెక్కించినది? నీటి అలకు నీరు, ధ్వనికి గాలి ఆధారమైనట్లు కాంతికి కూడా ఒక ఆధారం ఉండాలని నాటి శాస్త్రవేత్తలు భావించారు. విశ్వమంతా నిండి ఉన్నదని తాము నమ్మిన ఆ ఆధారానికి ఈథర్ అని పేరు పెట్టారు. భూమి సూర్యుని చుట్టూ సెకనుకు సుమారు 30 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తుతున్నది. అటువంటప్పుడు ఈథర్ గుండా సాగిపోయే మనకు ఒక దిశలో కాంతి కొంత తక్కువ వేగంతోను, మరొక దిశలో కొంత ఎక్కువ వేగంతోను కనిపించాలి. కాని ఎంత సూక్ష్మంగా పరిశీలించినా అటువంటి తేడా కనిపించలేదు. 1887లో అమెరికాలో మైకెల్సన్, మోర్లే అనే శాస్త్రవేత్తలు అత్యంత సున్నితమైన పరికరంతో ప్రయోగం చేశారు. ఒకే కాంతిని రెండు లంబ దిశలలో పంపి, తిరిగి కలిపి, వాటి ప్రయాణ కాలాలలో తేడా ఉన్నదేమో గమనించారు. ఆశించిన తేడా ఆ ప్రయోగంలో కూడా బయటపడలేదు.

ఈ సమస్యను లారెంజ్ సమీకరణాల ద్వారానే ఛేదింపబూనాడు. పదార్థంలోని విద్యుత్తు అంతా మిక్కిలి సూక్ష్మమైన ఆవేశకణాల రూపంలో ఉంటుందని, వాటి కదలికల వల్లనే కాంతి పుడుతుందని ఆయన 1892లో ఒక సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. ఆ కణాలు గల వస్తువు ఈథర్‌లో కదులుతూ ఉంటే మాక్స్‌వెల్ సమీకరణాలను ఎట్లా సాధించాలి? కదిలే వస్తువుతో పాటు కదిలేవాని దృష్టితో చూడాలంటే, వస్తువు వేగాన్ని అనుసరించి స్థానాన్ని మాత్రం సవరించి, కాలాన్ని యథాతథంగా ఉంచడం అనాదిగా వస్తున్న పద్ధతి. నదిలో పోయే పడవకు, ఒడ్డున నిలిచిన మనిషికి దూరాలు వేరు కావచ్చు గాని గడియారం ఒకటే కదా! అయితే ఆ పద్ధతిని అనుసరిస్తే తరంగ సమీకరణం తన సహజ సౌష్ఠవాన్ని కోల్పోతుంది. స్థానాన్ని బట్టి కలిగే మార్పు, కాలాన్ని బట్టి కలిగే మార్పు ఒకదానితో ఒకటి పెనవేసుకొన్న కొత్త పదం అందులో వచ్చి చేరుతుంది. ఆ పదం ఉన్నంతవరకు సమీకరణాన్ని సాధించడం కష్టం.

ఆ చిక్కుముడిని విప్పడానికి లారెంజ్ ఒక ఉపాయం పన్నాడు. స్థానంతో పాటు కాలాన్ని కూడా సవరించాడు. వస్తువు వేగాన్ని స్థానంతో గుణించి, కాంతివేగపు వర్గంతో భాగించి, వచ్చిన ఫలాన్ని అసలు కాలం నుండి తీసివేశాడు. ఈ కొత్త చలరాశిని ప్రవేశపెట్టగానే, వేగం తక్కువగా ఉన్నంతవరకు ఆ అదనపు పదం మాయమై, సమీకరణం తిరిగి తన పూర్వరూపాన్ని పొందింది. నిశ్చల స్థితిలో తెలిసిన సాధనలనే కదిలే వస్తువుకు కూడా వాడుకొనే మార్గం ఏర్పడింది. ఈ కొత్త కాలం చోటును బట్టి మారుతుంది. అందువల్ల 1895లో వెలువరించిన గ్రంథంలో ఆయన దానికి స్థానిక కాలం అని పేరు పెట్టాడు. భూమి వేగంతో కదిలే వ్యవస్థలో, ఆ కదలిక దిశలో 3 లక్షల కిలోమీటర్ల ఎడం గల రెండు బిందువుల మధ్య స్థానిక కాలంలో వచ్చే తేడా సెకనులో పదివేలవ వంతు మాత్రమే. అయినా ఆ స్వల్ప భేదమే భౌతికశాస్త్రాన్ని మలుపు తిప్పబోతున్నదని ఆనాడు ఎవరూ ఊహించలేదు. లారెంజ్ కూడా స్థానిక కాలాన్ని లెక్క తేలికచేసే ఒక గణిత సాధనంగానే భావించాడు. లోకంలో నిజంగా నడిచే కాలం ఒక్కటేనన్న విశ్వాసాన్ని ఆయన విడువలేదు.

స్థానిక కాలం ఒక్కటే మైకెల్సన్, మోర్లే ప్రయోగాన్ని వివరించలేకపోయింది. ఆ ప్రయోగం పది కోట్లలో ఒక వంతు తేడాను కూడా పసిగట్టగలది. అందుచేత లారెంజ్ 1892లోనే మరొక ఊహ చేశాడు. ఈథర్‌లో కదిలే ప్రతి వస్తువు తన కదలిక దిశలో కొద్దిగా కుదించుకుపోతుందని ఆయన ప్రతిపాదించాడు. ఇదే ఊహను ఐర్లండు శాస్త్రవేత్త ఫిట్జెరాల్డ్ 1889లోనే ప్రకటించి ఉన్నాడు. ఆ సంగతి తెలియగానే లారెంజ్ ఆయనకు దక్కవలసిన గౌరవాన్ని ఆయనకే దక్కనిచ్చాడు. భూమి వేగంతో లెక్కిస్తే ఈ కుదింపు అత్యల్పం. సుమారు 12,700 కిలోమీటర్ల వ్యాసం గల భూగోళం మొత్తం 6 సెంటీమీటర్లకు కొంచెం మించి మాత్రమే కుదించుకుపోతుంది.

ఈ లోపున ఆయన కణసిద్ధాంతానికి అనుకోని రీతిలో నిదర్శనం లభించింది. 1896లో ఆయన పూర్వ విద్యార్థి పీటర్ జీమన్ సోడియం జ్వాలను బలమైన అయస్కాంత క్షేత్రంలో ఉంచి, దాని వర్ణపట రేఖలు వెడల్పవుతున్నాయని కనుగొన్నాడు. లారెంజ్ కొద్ది రోజులలోనే దీనికి తన సిద్ధాంతం ఆధారంగా వివరణ ఇచ్చాడు. పరమాణువులో కంపించే కణం ఆవేశానికి, ద్రవ్యరాశికి గల నిష్పత్తిని కూడా ఆ పరిశీలన నుండి రాబట్టారు. ఈ కృషికి గాను 1902లో లారెంజ్, జీమన్ ఇరువురికి కలిపి భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. కీర్తి శిఖరాన్ని అందుకున్న తరువాత కూడా లారెంజ్ తన అసంపూర్ణ సమస్యను మరచిపోలేదు. 1899లో ఒకసారి చేపట్టిన దానిని 1904లో తిరిగి చేపట్టాడు. కాంతివేగానికి లోబడిన ఏ వేగంలోనైనా తరంగ సమీకరణం రూపం మారకుండా ఉండాలంటే స్థానాన్ని, కాలాన్ని ఎట్లా మార్చుకోవాలో 1904 నాటి వ్యాసంలో నిర్దేశించాడు. ఫ్రెంచి గణితవేత్త ఆన్రీ పాంకరే 1905లో ఆ వ్యాసంలో మిగిలిన లోపాన్ని సవరించి, ఆ సూత్రాలకు లారెంజ్ రూపాంతరణలు అని నామకరణం చేశాడు.

అదే 1905 జూన్ మాసాంతంలో స్విట్జర్లండులోని బెర్న్ నగరం నుండి ఒక వ్యాసం జర్మన్ పత్రికకు చేరింది. దాని రచయిత అక్కడి పేటెంట్ కార్యాలయంలో పనిచేసే 26 ఏళ్ల యువకుడు ఆల్బర్ట్ ఐన్‌స్టీన్. లారెంజ్ 1895 నాటి గ్రంథాన్ని ఆయన చదివాడు గాని, 1904 నాటి వ్యాసాన్ని చూడలేదు. ఐన్‌స్టీన్ ఈథర్‌తో గాని, కణాలతో గాని ఆరంభించలేదు. సమవేగంతో కదిలే వారందరికీ ప్రకృతి నియమాలు ఒక్కటేనని, శూన్యంలో కాంతివేగం కాంతిని వెలువరించే వస్తువు కదలికపై ఆధారపడదని రెండు సూత్రాలను అంగీకరించాడు. ఆ తరువాత, వేరువేరు చోట్ల ఉన్న రెండు గడియారాలు ఒకే కాలాన్ని చూపుతున్నాయని ఎట్లా తెలుస్తుందని ప్రశ్నించాడు. ఒక గడియారం నుండి కాంతి బయలుదేరి, రెండవదాని వద్ద ప్రతిఫలించి, తిరిగి రావాలి. బయలుదేరిన క్షణానికి, తిరిగివచ్చిన క్షణానికి సరిగ్గా నడుమ ఉన్న క్షణాన్ని రెండవ గడియారం చూపితే ఆ రెండూ ఏకీభవించినట్లు. ఈ నియమాన్ని కదిలే వ్యవస్థకు అన్వయించి, రెండు గడియారాల మధ్య దూరాన్ని అత్యంత సూక్ష్మం చేయగా, ఆయనకు ఒక పాక్షిక అవకలన సమీకరణం లభించింది. ఆ సమీకరణాన్ని సాధించగా వచ్చిన ఫలం కదిలే గడియారం చూపే కాలమే. రెండు సూత్రాలను అనుసరించి ఆ లెక్కను ముగించేసరికి లారెంజ్ రూపాంతరణలు యథాతథంగా ప్రత్యక్షమయ్యాయి.

ఇరువురి సూత్రాలు ఒక్కటే. వాటికి వారు చెప్పిన అర్థాలు మాత్రం వేరు. లారెంజ్ దృష్టిలో స్థానిక కాలం సమీకరణాన్ని సాధించడానికి ఉపకరించే కల్పిత రాశి. ఐన్‌స్టీన్ దృష్టిలో అది కదిలేవాని చేతి గడియారం చూపే నిజమైన కాలం. ఒకరి కాలం అసలుది, మరొకరి కాలం నకలు అని చెప్పడానికి ఆధారమేదీ లేదు. ఎవరి కాలం వారికి సత్యమే. ఒకరికి ఒకేసారి జరిగినట్లు తోచిన రెండు సంఘటనలు మరొకరికి ముందు వెనుకలుగా తోచవచ్చు. వస్తువులు కుదించుకుపోవడానికి ప్రత్యేక కారణాన్ని వెదకవలసిన పని కూడా లేకపోయింది. దేశకాలాలను కొలిచే తీరులోనే ఆ కుదింపు ఇమిడి ఉంది. ఈథర్ అవసరం తీరిపోయింది. 1908లో గణితవేత్త మింకోవ్‌స్కీ స్థలాన్ని, కాలాన్ని ఒకే చతుర్మితీయ ప్రపంచంగా సమన్వయించి ఈ భావానికి నిండుదనం చేకూర్చాడు.

ఆ దశలో లారెంజ్ ప్రవర్తన గమనింపదగినది. 1906లో కౌఫ్‌మన్ అనే జర్మన్ శాస్త్రవేత్త ప్రకటించిన ప్రయోగ ఫలితాలు, వేగంగా కదిలే ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి విషయంలో లారెంజ్ సూత్రానికి విరుద్ధంగా కనిపించాయి. అప్పుడాయన తన సిద్ధాంతాన్ని కాపాడుకొనే యుక్తులు వెదకలేదు. ప్రయోగం కాదన్నప్పుడు సిద్ధాంతాన్ని విడిచిపెట్టవలసిందేనని పాంకరేకు నిస్సంకోచంగా లేఖ రాశాడు. 1908లో బూషరర్ జరిపిన ప్రయోగాలు మళ్లీ లారెంజ్ సూత్రానికే అనుకూలించాయి. తరువాత లైడెన్‌లో సాపేక్షతా సిద్ధాంతాన్ని ఆయనే విద్యార్థులకు విశదంగా బోధించాడు. ఈథర్ పట్ల ఆయనకు గల అభిమానం చివరిదాకా పూర్తిగా సమసిపోలేదు. అయినా తన అభిమానాన్ని సత్యానికి అడ్డు రానీయలేదు. ఎలక్ట్రాన్ సిద్ధాంతంపై తాను రచించిన గ్రంథం 1915లో మలిముద్రణ పొందినప్పుడు, సాపేక్షతా సిద్ధాంతాన్ని తాను అందుకోలేకపోవడానికి ముఖ్య కారణాన్ని అందులో స్వయంగా వెల్లడించాడు. ఒకే కాలం నిజమని, స్థానిక కాలం కేవలం గణిత సహాయకారి అని తాను పట్టుపట్టడమే ఆ కారణమని తెలిపాడు. కాంతి తరంగ సమీకరణాన్ని పరిశీలిస్తూ జర్మన్ శాస్త్రవేత్త ఫోగ్ట్ 1887లోనే ఇటువంటి రూపాంతరణను కనుగొన్నాడని, ఆ వ్యాసం తన దృష్టికి రాలేదని కూడా ఆ గ్రంథంలో ఒప్పుకున్నాడు. తన పేరుతో లోకమంతా పిలుచుకొనే సూత్రాలలో ఇతరుల వంతును ఇట్లా తానై చెప్పగలవారు అరుదు.

ఇటువంటి నిష్పాక్షికత వల్లనే ఆయన నాటి భౌతికశాస్త్రజ్ఞులందరికీ పెద్దదిక్కు అయ్యాడు. 1911లో బ్రస్సెల్స్ నగరంలో తొలి సాల్వే సదస్సు జరిగినప్పుడు ఆయననే అధ్యక్షుడుగా ఎన్నుకొన్నారు. 1927లో జరిగిన అయిదవ సదస్సు వరకు ఆ బాధ్యతను ఆయనే వహించాడు. భిన్న భాషలవారు, భిన్నాభిప్రాయాలవారు కూడిన ఆ సభలలో, ఒకరి వాదాన్ని మరొకరికి వారి భాషలో విడమరచి చెప్పడం ఆయనకే చెల్లింది. 1912లో ఆచార్య పదవి నుండి వైదొలగదలచి, తన స్థానంలో ఐన్‌స్టీన్‌ను చూడాలని ఆశించాడు. అప్పటికే ఐన్‌స్టీన్ జూరిక్‌కు మాట ఇచ్చి ఉన్నందున ఆ పీఠం ఎరెన్‌ఫెస్ట్‌కు లభించింది. లారెంజ్ హార్లెం పట్టణానికి నివాసం మార్చినా, ప్రతి సోమవారం ఉదయం లైడెన్‌కు వచ్చి ఉపన్యసించడం మానలేదు. ఐన్‌స్టీన్ ఆయనను పితృసమానుడుగా గౌరవించాడు. మొదటి ప్రపంచయుద్ధం దేశాల నడుమ ద్వేషాన్ని రగిలించినప్పుడు, శాస్త్రవేత్తల మధ్య తెగిపోయిన స్నేహాలను తిరిగి కలపడానికి లారెంజ్ అహర్నిశలు శ్రమించాడు.

జీవిత చరమదశలో స్వదేశం ఆయనకు మరొక పని అప్పగించింది. నెదర్లాండ్స్ నడుమకు చొచ్చుకువచ్చిన లోతు తక్కువ సముద్రభాగం జైడర్ జీ. 1916 జనవరిలో వచ్చిన పెను ఉప్పెన దాని తీరగ్రామాలను ముంచెత్తింది. ఆ సముద్రభాగానికి అడ్డంగా 30 కిలోమీటర్లకు మించిన పొడవు గల కట్ట నిర్మించాలని ప్రభుత్వం తలపెట్టింది. కట్ట కట్టిన తరువాత వెలుపలి తీరంలో ఆటుపోట్లు, తుపాను నీటిమట్టాలు ఎంత పెరుగుతాయో ముందుగా తెలియకపోతే, ఒకచోటి వారిని కాపాడబోయి మరొకచోటి వారిని ముంచినట్లవుతుంది. దీనిని తేల్చడానికి 1918లో నియమించిన సంఘానికి లారెంజ్ అధ్యక్షుడయ్యాడు. పూర్వానుభవం మీద ఆధారపడి అంచనా కట్టకుండా, ఆయన మళ్లీ సమీకరణాలనే ఆశ్రయించాడు. నీటి ఎత్తు, ప్రవాహం చోటును బట్టి, కాలాన్ని బట్టి మారుతాయి గనుక ఇవి కూడా పాక్షిక అవకలన సమీకరణాలే. అడుగునేల ఘర్షణ వేగపు వర్గాన్ని బట్టి ఉండటం వల్ల వాటిని సాధించడం దుర్ఘటమైంది. ఒక్కొక్క ఆటుపోటులో ఘర్షణ వల్ల నష్టపోయే శక్తి మారకుండా ఉండేటట్లు, ఆ ఘర్షణ స్థానంలో వేగానికి నేరుగా అనుపాతంలో ఉండే ఘర్షణను ప్రవేశపెట్టి ఆయన ఆ కష్టాన్ని దాటాడు. కాగితాలపై సుదీర్ఘమైన లెక్కలు సాగాయి. వాటిలో చాలా భాగం ఆయన స్వహస్తాలతో చేసినవే. ఎనిమిదేళ్ల శ్రమ ఫలితంగా 1926లో నివేదిక వెలువడింది.

ఆ కట్ట పూర్తికావడం చూచే భాగ్యం ఆయనకు కలుగలేదు. 1928 ఫిబ్రవరి 4న హార్లెంలో లారెంజ్ పరమపదించాడు. ఫిబ్రవరి 10న జరిగిన అంత్యక్రియలలో ఐన్‌స్టీన్, రూథర్‌ఫర్డ్ మొదలైన ఉద్దండులు పాల్గొని నివాళులు అర్పించారు. ఆ మధ్యాహ్నం సరిగ్గా 12 గంటలకు దేశమంతటా తంతి, టెలిఫోను సేవలను మూడు నిమిషాల పాటు నిలిపివేశారు. విద్యుత్తు రహస్యాలను వెలికితీసిన మహాశాస్త్రజ్ఞునికి విద్యుత్తంత్రుల మౌనమే ఒక జాతి సమర్పించిన శ్రద్ధాంజలి అయింది. 1932 మే 28న కట్ట చివరి గండిని పూడ్చారు. తరువాత కొలిచిన ఆటుపోట్ల ఎత్తులు లారెంజ్ లెక్కలకు చాలా దగ్గరగా ఉన్నట్లు తేలింది. ఆ కట్టకు గల ఓడల లాకులలో ఒకదానికి ఆయన పేరు పెట్టి ప్రజలు తమ కృతజ్ఞతను చాటుకున్నారు.

లారెంజ్ జీవితంలో ఒక విశేషం ఉంది. సముద్రపు సమీకరణాలను సాధించినప్పుడు ఆయన పొందిన ఫలాన్ని దేశం కళ్లారా చూచింది. కాంతి సమీకరణాలను సాధించినప్పుడు పొందిన ఫలం అంతకంటే గొప్పదైనా, దాని పూర్తి అర్థం మరొకరి చూపుకు అందింది. మొదటిదానిలో ఆయన ప్రతిభ కనిపిస్తే, రెండవదానిని స్వీకరించిన తీరులో ఆయన వ్యక్తిత్వం కనిపిస్తుంది. తాను తెరిచిన వాకిలి గుండా తనకంటే చిన్నవాడు ముందుకు సాగిపోతుంటే అసూయపడక, దారి ఇచ్చి, వెన్నుతట్టి పంపిన పెద్దమనసు ఆయనది. విద్యకు వినయం భూషణమన్న పెద్దల మాటకు లారెంజ్ జీవితం నిలువెత్తు నిదర్శనం.

కఠిన పదాలు – అర్థాలు

చలరాశి : విలువ మారుతూ ఉండే రాశి
యథాతథంగా : ఉన్నది ఉన్నట్లుగా
సౌష్ఠవం : చక్కని పొందిక
చతుర్మితీయ : నాలుగు కొలతలు గల
నిష్పాక్షికత : పక్షపాతం లేకపోవడం
దుర్ఘటం : సాధించడానికి కష్టమైనది
అహర్నిశలు : పగలు, రాత్రి

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు సంగ్రహరూప సమాధానాలు రాయండి.
1. లారెంజ్ స్థానిక కాలాన్ని ప్రవేశపెట్టిన సందర్భాన్ని వివరించండి. దాని విషయంలో లారెంజ్, ఐన్‌స్టీన్‌ల దృక్పథాలలో గల భేదాన్ని తెలపండి.
2. లారెంజ్ వ్యక్తిత్వాన్ని పాఠ్యాంశం ఆధారంగా విశ్లేషించండి.

ఆ) కింది ప్రశ్నలకు నాలుగైదు వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. పాక్షిక అవకలన సమీకరణం అంటే ఏమిటి?
2. జైడర్ జీ కట్ట నిర్మాణానికి లారెంజ్ చేసిన సేవ ఎట్టిది?
3. లారెంజ్ అంత్యక్రియల నాడు దేశం ఆయనను ఎట్లా గౌరవించింది?

ఇ) కింది పదాలను విడదీసి సంధి పేర్లు రాయండి.
విద్యుదావేశం, నిష్పాక్షికత, శ్రద్ధాంజలి